ఫైబర్ అబ్బాయి మెట్లు దిగేలోపే రూటర్ పని ఇలా చూసుకోండి

బెంగళూరులో ఇంటికి నెట్ పెట్టించుకుంటే, కనెక్షన్ ఇచ్చే మనిషి మీ ఇంట్లో ఉండేది అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఆ మనిషిని నేనే. మాది మదనపల్లె. మారతహళ్లి, మున్నేకొళాల, కుందలహళ్లి వైపు ఒక ఏరియా ఆపరేటర్ దగ్గర ఫైబర్ పని చేస్తాను. ఇక్కడ ఏ బిల్డింగ్ మెట్లెక్కినా రెండు మూడు తెలుగిళ్లు ఉంటాయి, కాబట్టి "అన్నా, నెట్ స్లో" అనే మాట నేను కన్నడలో కన్నా తెలుగులోనే ఎక్కువ విన్నాను. నెట్ పెట్టిన నెలకు వచ్చే కంప్లయింట్లు చాలామటుకు ఆ మొదటి అరగంటలో సరిచూసుకుంటే రానివే. మాకేమో అవతల ఇంకో రెండిళ్లు కాచుకొని ఉంటాయి, మేం చెప్పం. మీకేమో ఏం అడగాలో తెలీదు. అందుకే ఇది.

బుక్ చేసే ముందు

అందరూ మొదట స్పీడ్ అడుగుతారు. దానికన్నా ముందు, ఫైబర్ ఇంట్లోకే వస్తుందా, లేక బిల్డింగ్ దాకా వచ్చి అక్కణ్నుంచి లాన్ కేబుల్ వస్తుందా అని అడగండి. రెండో రకంలో టెర్రస్ మీదో, మెట్ల కిందో నెట్‌ను ఇళ్లకు పంచే ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టె ఉంటుంది. అది బిల్డింగ్ కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా సరే, ఆ పెట్టెకు బ్యాటరీ లేకపోతే నెట్ పోయినట్టే. ఫైబర్ ఇంట్లోకే వచ్చే జీపాన్ లైన్లో ఈ గొడవ లేదు. స్తంభం మీదుండే స్ప్లిటర్‌కు అసలు కరెంటే అక్కర్లేదు, వచ్చిన వెలుతురును ఇళ్లకు పంచడమే దాని పని. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చిందంటే తురాయి కొమ్మ విరిగి వీధి వీధంతా చీకటయ్యే ఊరు ఇది. ఇంట్లోంచి ఆఫీసు పని చేసుకునేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ప్లాన్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 4కే సినిమాకు 25 ఎంబీపీఎస్, వీడియో కాల్‌కు నాలుగైదు ఉంటే చాలు. నలుగురున్న ఇంటికి 100 ప్లాన్ హాయిగా సరిపోతుంది. ఫైలు దిగుతున్నప్పుడు కంప్యూటర్ సెకనుకు 12 ఎంబీ అని చూపిస్తే మోసపోయామనుకోకండి. ప్లాన్‌లో చెప్పేవి మెగాబిట్లు, కంప్యూటర్ చూపేవి మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్, లెక్క సరిపోయింది.

ఇంటి ఓనర్‌ను కూడా ముందే అడిగిపెట్టుకోండి. మేం డ్రిల్ మెషిన్ తీశాక ఓనర్ ఆంటీ పైనుంచి దిగొచ్చి "గోడకు రంధ్రం వద్దు" అంటే, మేం కిటికీ సందులోంచి కేబుల్ తోసేసి వెళ్లిపోతాం. ఆ కిటికీ రెక్క మూసినప్పుడల్లా ఫైబర్ నలుగుతుంది. ఏసీ పైపు కోసం వేసిన రంధ్రం ఉంటే అదే చాలు.

బాక్స్ ఎక్కడ

ఈ ఒక్కటీ సరిగ్గా కుదిరితే మిగతావి అటూ ఇటూ అయినా బండి నడుస్తుంది. మా అలవాటు ఏంటంటే, కేబుల్ ఎక్కడ లోపలికొస్తే అక్కడే బాక్స్, అంటే రూటర్, బిగించేయడం. ఇక్కడి అద్దె ఇళ్లలో అది హాలు కిటికీ పక్కన గానీ, టీవీ వెనక గానీ ఉంటుంది. అంటే ఇంటికి ఒక మూల. అక్కణ్నుంచి సిగ్నల్‌లో సగం రోడ్డు మీదికి పోతుంది, మిగతాది రెండు మూడు గోడలు దాటుకొని చివరి బెడ్‌రూమ్‌కు చేరాలి.

మున్నేకొళాలలో ఒక నెల్లూరు ఆంటీ వాళ్లింట్లో బాక్స్ ఎక్కడా కనపడదు. వెతికితే టీవీ కింద షోకేస్ అరలో, స్టెబిలైజర్ పక్కన, పైన లేసు గుడ్డ కప్పి ఉంది. చెయ్యి పెడితే వేడిగా కాలుతోంది. "బయట పెడితే చూడ్డానికి బాగుండదు బాబూ" అన్నారు ఆవిడ. ఆ అరకూ లోపలి గదికీ మధ్య ఇటుక గోడ, గోడకు ఆనించి ఇనుప బీరువా, బీరువా తలుపుకు నిలువుటద్దం. వాళ్లబ్బాయి ఆ గదిలోనే కూర్చుని ఆఫీసు కాల్స్ మాట్లాడాలి. స్పీడ్ తొమ్మిది వస్తోంది. కేబుల్ పొడిగించి, డైనింగ్ దగ్గర సజ్జ అంచుకు బాక్స్ బిగించి, గుడ్డ తీసేశాం. అదే గదిలో డెబ్బై దాటింది. ప్లాన్ అదే, బాక్స్ కూడా అదే.

కాబట్టి ఇంటికి నడుమ, మనిషి తలకన్నా కొంచెం ఎత్తులో, నాలుగు పక్కలా గాలి ఆడే చోటు చూపించండి. బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, చేపల తొట్టి, గోడలో ఇనుము ఎక్కువున్న పిల్లర్, ఇవన్నీ సిగ్నల్‌ను తినేసేవే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా వైఫై లాగే 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, దాని పక్కన పెడితే పాలు వేడి చేసినప్పుడల్లా కాల్ తెగుతుంది. "ఇంకో పది మీటర్లు లాగు తమ్ముడూ" అనడానికి మొహమాటం వద్దు. మా దగ్గర కేబుల్ చుట్ట ఉంటుంది. అదనపు కేబుల్‌కు డబ్బులడిగితే ఇచ్చేయండి. ఏడాది పొడుగునా పెద్ద ప్లాన్‌కు కట్టేదానికన్నా తక్కువే అవుతుంది.

ఫైబర్‌ను గోడ మూలల్లో కొట్టేటప్పుడు ఒక కన్నేసి ఉంచండి. లోపలుండే గాజు పోగు మందం 125 మైక్రాన్లు మాత్రమే. మూలలో పదునుగా మడిచినా, మేకు గట్టిగా దిగినా వెలుతురు కారిపోతుంది. మిగిలిన కేబుల్‌ను అరచేతి వెడల్పుకు తగ్గకుండా గుండ్రంగా చుట్టించండి.

మీటర్ చూపించమనండి

మా బ్యాగులో పవర్ మీటర్ ఉంటుంది. ఫైబర్ కొనకు అది పెట్టి రీడింగ్ చూపించమనండి. వెలుతురు బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ 18 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే మంచిది. మైనస్ కాబట్టి అంకె పెరిగే కొద్దీ వెలుతురు తగ్గుతున్నట్టు. మామూలు జీపాన్ బాక్సులు అందుకోగలిగే హద్దు మైనస్ 27. ఆ రోజు మైనస్ 26 ఉన్నా నెట్ వస్తుంది, స్పీడ్ టెస్ట్ కూడా బాగానే ఉంటుంది, మేం సంతకం పెట్టించుకొని వెళ్లిపోతాం. తర్వాత స్తంభం దగ్గర జాయింట్‌లో ఏ కాస్త తేడా వచ్చినా లైన్ తెగుతూ ఉంటుంది. 3 డీబీ తగ్గిందంటే వెలుతురు సగమైందని లెక్క. మైనస్ 25 దాటితే "జాయింట్ మళ్లీ కొట్టండి" అని అడిగే హక్కు మీకుంది. మేం సణుగుతాం, కానీ కొడతాం.

ఫైబర్ చివర బాక్స్‌లో పెట్టే ఆకుపచ్చ పిన్ను కొన 8 డిగ్రీల ఏటవాలుగా కోసి ఉంటుంది. నీలం పిన్ను కూడా అదే రంధ్రంలో దూరుతుంది, కానీ రెండూ సరిగా ఆనవు, వెలుతురు పోతుంది. ఇల్లు సర్దేటప్పుడు ఆ పిన్ను ఊడదీయకండి. ఊడదీసినా చీర కొంగుతోనో చొక్కాతోనో తుడవకండి, దాని కొనలోకి కన్ను పెట్టి చూడకండి. అందులో వచ్చేది ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడదు.

స్టిక్కర్, లాగిన్ పేజీ

బాక్స్‌ను గోడకు బిగించకముందే దాని వెనకున్న స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లాగిన్ అడ్రస్, యూజర్ పేరు, పాస్‌వర్డ్, సీరియల్ నంబర్ అన్నీ దానిమీదే ఉంటాయి. బిగించాక స్టిక్కర్ గోడవైపు తిరిగిపోతుంది. అలాగే మీ లైన్‌కు పీపీపీఓఈ (రూటర్ కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ (కంపెనీ తన లైన్లను వేరుచేసుకునే నంబర్) ఉంటే అప్పుడే మెసేజ్ పెట్టించుకోండి. "ఆఫీసుకు వెళ్లాక పంపిస్తా సార్" అంటాం. పంపించం.

ఇప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో పైన అడ్రస్ రాసే చోట 192.168.1.1 కొట్టండి. కొన్ని బాక్సులకు 192.168.0.1, జియో బాక్సులకు 192.168.29.1 ఉంటుంది. మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే ఫోన్ ఒక్కోసారి ఆ దారిన వెళ్లి, పేజీ తెరుచుకోక విసిగిస్తుంది. "ఈ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని బ్రౌజర్ హెచ్చరిస్తే టెన్షన్ పడొద్దు. అడ్రస్ మీ బాక్స్‌దే కాబట్టి అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లండి.

లోపల మార్చాల్సిన పాస్‌వర్డ్‌లు రెండు. ఒకటి వైఫైది, ఇంకోటి ఈ పేజీ తెరిచే అడ్మిన్‌ది. అందరూ మొదటిది మార్చి ఊరుకుంటారు. అడ్మిన్ పాస్‌వర్డ్ పాతదే ఉంటే, మీ వైఫై వాడే పై ఫ్లోర్ కుర్రాడెవరైనా సెట్టింగ్స్ అన్నీ మార్చేయగలడు. వైఫై పాస్‌వర్డ్ విషయంలో మా చెడ్డ అలవాటు ఒకటుంది. తొందరలో మీ ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టేస్తాం. బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఆ నంబర్ లేనిదెవరి దగ్గర? ఒక తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి చివర రెండు అంకెలు తగిలించండి. muddapappuloneyyi47 లాంటిది. గుర్తుంటుంది, పొడుగ్గా ఉంటుంది, బయటివాళ్లు ఊహించలేరు. వైఫై పేరులో ఫ్లాట్ నంబర్, ఇంటిపేరు మాత్రం పెట్టకండి.

సెక్యూరిటీ అన్నచోట, అంటే వైఫైకి తాళం వేసే పద్ధతి ఎంచుకునే చోట, డబ్ల్యూపీఏ2 (WPA2) పర్సనల్, ఏఈఎస్ (AES) పెట్టండి. డబ్ల్యూపీఏ2, 3 రెండూ కలిపిన ఆప్షన్ ఉంటే అది ఇంకా మంచిది. ఒక్క డబ్ల్యూపీఏ3 మాత్రమే పెడితే పాత ప్రింటర్లు, స్మార్ట్ ప్లగ్‌లు కలవవు. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫై కలిపే డబ్ల్యూపీఎస్ (WPS) ఆపేయండి. దాని 8 అంకెల పిన్‌ను రెండు ముక్కలుగా విడగొట్టి 11,000 ప్రయత్నాల్లోపే కనుక్కోవచ్చని 2011లోనే బయటపడింది. బయటినుంచి సెట్టింగ్స్ మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే, అది మీకు అక్కర్లేకపోతే ఆపండి. పనిమనిషికో, వచ్చిపోయే చుట్టాలకో ఇవ్వడానికి గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టుకోండి, అసలు పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంటుంది.

2.4, 5

వైఫైకి రెండు బ్యాండ్లు ఉంటాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 2.4 దూరం వెళ్తుంది, స్పీడ్ తక్కువ. 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఎక్కువ, గోడలంటే దానికి పడదు. మా ఏరియాలో ఏ ఇంట్లో ఫోన్ తెరిచినా ఇరవై వైఫై పేర్లు కనిపిస్తాయి. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానెళ్లు మూడే, 1, 6, 11. సాయంత్రం మారతహళ్లి బ్రిడ్జి కింద ఎలా ఉంటుందో ఆ మూడు చానెళ్లూ అలాగే ఉంటాయి. ఆటో అని వదిలేస్తే కొన్ని బాక్సులు ఆన్ అయినప్పుడు ఒక్కసారి చూసుకుంటాయి, ఆ తర్వాత చుట్టూ ఏమైనా పట్టించుకోవు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసుకొని, రాత్రి ఎనిమిదింటికి ఏ చానెల్ కాస్త ఖాళీగా ఉందో చూసి అది పెట్టండి. చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే స్పీడ్ పెరుగుతుందని వీడియోల్లో చెప్తారు. పొలం నడుమ ఒంటరి ఇల్లయితే నిజమే.

5లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మధ్య ఏదైనా తీసుకోండి, వెడల్పు 80. మధ్యలో ఉండే 52 నుంచి 144 వరకు చానెళ్లు రాడార్లతో పంచుకోవాల్సినవి. రూటర్ మొదట కనీసం ఒక నిమిషం విని, రాడార్ లేదనుకున్నాకే మొదలుపెడుతుంది, తర్వాత ఎప్పుడైనా వినపడితే చానెల్ మార్చేస్తుంది. హెచ్ఏఎల్ విమానాశ్రయం పక్కనే ఉన్న ఏరియా మాది, నేను ఆ జోలికి పోను.

రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టాలా, వేరువేరుగానా? రెండు గదుల ఇంటికి నేనైతే వేరే పేర్లు పెడతాను. గీజర్‌కు పెట్టే స్మార్ట్ ప్లగ్, వాకిలి కెమెరా లాంటివి ఎక్కువగా 2.4 మాత్రమే పట్టుకుంటాయి, ఒకే పేరుంటే వాటిని కలిపేటప్పుడు నానా తంటాలు పడాలి. టీవీ, లాప్‌టాప్‌లను 5కు కలపండి.

స్పీడ్ టెస్ట్ కేబుల్‌తో

మేం స్పీడ్ టెస్ట్ చేసి చూపించేటప్పుడు బాక్స్ పక్కనే నిలబడి మా ఫోన్‌లో చేస్తాం. బాగా రాక చస్తుందా. మీరు లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో బాక్స్‌కు కలిపి చేయండి. లైన్ సంగతి అక్కడ తేలిపోతుంది. తర్వాత అదే లాప్‌టాప్‌తో వైఫై మీద, ప్రతి గదిలో, తలుపు వేసి చూడండి. కేబుల్‌తో పూర్తి స్పీడ్ వచ్చి గదిలో రాకపోతే బాక్స్ చోటు మార్చాలి. కేబుల్‌తోనే రాకపోతే మమ్మల్ని కదలనివ్వకండి.

ఒక అంకె గుర్తుపెట్టుకోండి, 94. మీది 200 ప్లానో 300 ప్లానో అయ్యుండి, కేబుల్‌తో ఎన్నిసార్లు చేసినా 94 దగ్గరే ఆగిందంటే, ఎక్కడో ఒకచోట లింక్ 100 మీద నడుస్తోందని అర్థం. లాన్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి, 100కు రెండు జతలు చాలు. పిన్ను సరిగ్గా క్రింప్ కాక ఒక్క తీగ ఆనకపోయినా 100కు పడిపోతుంది. బాక్స్ పోర్టే 100ది అయినా అంతే. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, కాబట్టి ఖరీదైన కేబుల్ కొనక్కర్లేదు. పిన్ను మళ్లీ కొట్టిస్తే చాలు.

పాత రూటర్‌ను పారేయకండి

పెద్ద ఇల్లయినా, పైన కింద రెండు పోర్షన్లున్నా ఒక్క బాక్స్ చాలదు. రిపీటర్ కొనేముందు అటక మీద పాత రూటర్ ఉందేమో చూడండి. వైఫై మీద నడిచే సాదా రిపీటర్ వినడానికీ పంపడానికీ ఒకే బ్యాండ్ వాడుతుంది కాబట్టి స్పీడ్ దాదాపు సగమవుతుంది. కేబుల్ లాగి పాత రూటర్ పెడితే ఆ నష్టం ఉండదు.

దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది నొక్కండి, పనైపోయింది. లేకపోతే లాప్‌టాప్‌ను ముందు పాత రూటర్‌కు మాత్రమే కలిపి, దాని పేజీ తెరవండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కొత్త బాక్స్‌లో ఉన్నవే పెట్టి, చానెల్ మాత్రం వేరేది ఇవ్వండి. తర్వాత దాని లాన్ అడ్రస్‌ను 192.168.1.2 చేయండి, అదీ పెద్ద బాక్స్ అడ్రస్ 192.168.1.1 అయితే. డీహెచ్‌సీపీ, అంటే కలిసిన ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ అడ్రస్‌లు ఇచ్చే పని, ఆపడం చివర్లో చేయాలి. అది ఆపేశాక లాప్‌టాప్‌కు అడ్రస్ ఇచ్చేవాళ్లుండరు, పేజీ మళ్లీ తెరుచుకోవడం కష్టం. ఇప్పుడు పెద్ద బాక్స్ లాన్ పోర్ట్ నుంచి కేబుల్ తెచ్చి పాత రూటర్ లాన్ పోర్ట్‌లోనే పెట్టండి. వాన్ అని రాసి, రంగు వేరేగా ఉండే పోర్ట్‌ను ఖాళీగా వదిలేయండి.

ఖరీదైన సొంత రూటర్ కొన్నవాళ్లు కంపెనీ బాక్స్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే నెట్‌ను మీ రూటర్‌కు దాటించడం మాత్రమే చేసేలా, పెట్టమని అడగొచ్చు. అప్పుడు పీపీపీఓఈ వివరాలు మీ రూటర్‌లో కొట్టాలి. అందుకే ముందే మెసేజ్ పెట్టించుకోమన్నది. ఊళ్లో ఉండి ఇంటి కెమెరా చూడాలని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి కెమెరాకు రూటర్‌లో దారి తెరవడం) తిప్పలు పడేవాళ్లు, ముందు రూటర్‌లో వాన్ అడ్రస్, అంటే కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్లకు కలిపి ఇస్తోందని అర్థం. ఆ ఫార్వర్డింగ్ పనిచేయదు. కెమెరా సొంత యాప్ వాడుకోండి, లేదా మీ ఒక్కరికే ఇచ్చే, మారని అడ్రస్ (స్టాటిక్ ఐపీ) కొనుక్కోండి.

కరెంటు

రూటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్‌లు మంచి కొనుగోలు. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, యూపీఎస్ ఇచ్చే వోల్టులు సరిగ్గా ఒకటే ఉండాలి. బాక్సులు ఎక్కువగా 12 వోల్టులవే, కానీ 9, 5 వోల్టులవీ ఉన్నాయి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. ఫైబర్ వచ్చి దిగే పెట్టె (ఓఎన్‌టీ) వేరు, రూటర్ వేరు ఉన్న ఇంట్లో రెండింటికీ కరెంటు అందాలి. ఒకదానికే పెట్టి "యూపీఎస్ పనికిరాలేదు" అని తిట్టేవాళ్లను చూశాను.

కంప్లయింట్ ఇచ్చేటప్పుడు

"నెట్ రావట్లేదు" అంటే ఆఫీసులో అమ్మాయి "రీస్టార్ట్ చేయండి సార్" అంటుంది. లైట్లు చూసి చెప్పండి. ఎల్ఓఎస్ (LOS) లైట్ ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్లో వెలుతురే రావడం లేదు. ఉడతో ఎలుకో కొరికుంటుంది, లేదా స్తంభం మీద తెగి ఉంటుంది. మీరు ఇంట్లో చేసేదేమీ లేదు, మనిషే రావాలి. పాన్ (PON) లైట్ ఆగకుండా మిణుకుతుంటే వెలుతురు వస్తోంది గానీ బాక్స్ రిజిస్టర్ కావడం లేదు. పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైట్ ఎర్రగా ఉంటే ముందు రీచార్జ్ అయిపోయిందేమో చూడండి. నిజంగా ముందు అదే చూడండి.

ఏం జరిగినా పిన్నీసు పెట్టి రీసెట్ రంధ్రంలో పొడవకండి. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేస్తే అది రీస్టార్ట్. పిన్నీసుతో చేసేది రీసెట్, పీపీపీఓఈ, వీలాన్, మీరు పెట్టుకున్న పాస్‌వర్డ్‌లు అన్నీ తుడిచేస్తుంది. కొన్ని కంపెనీల బాక్సులు వాటంతట అవే సెట్టింగ్స్ తెచ్చుకుంటాయి, కొన్ని తెచ్చుకోవు. అప్పటిదాకా ఫోన్‌లో సరిచేసే పని, మనిషి వచ్చి చేసే పనవుతుంది. ఆదివారమైతే సోమవారం దాకా ఆగాలి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బాక్స్‌ను గోడకే వదిలేసి వెళ్లకండి. చాలా కంపెనీల్లో అది వాళ్లదే, డిపాజిట్ దాని మీదే ఉంటుంది. అడాప్టర్‌తో సహా వాపసు ఇచ్చి, సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోండి. రసీదు బుక్కు తేలేదంటే, బాక్స్ స్టిక్కర్ కనిపించేలా అతని చేతిలో ఉండగానే ఫొటో తీసి ఆఫీసు నంబర్‌కు వాట్సాప్ చేసేయండి. డిపాజిట్ ఖాతాలో పడేదాకా ఆ ఫొటో ఉంచుకోండి.